హల్యావా తల్లీ, రావే!

అనువాదానికి లొంగని మాటలు తమ భాషలో కొన్ని ఉన్నాయని రష్యన్లు గర్వంగా చెప్పుకుంటారు. వాటిలో బాగా పేరున్నవి దిగులు తాలూకువే. తోస్కా అని ఒకటుంది. కారణం తెలియని బెంగ అన్నమాట. పొద్దుగూకే వేళ ఊరికే గుండె బరువెక్కుతుందే, అలాంటిది. పెద్దపెద్ద వాళ్లు దాని మీద పేజీలకు పేజీలు రాశారు. రాయనివ్వండి, దిగులు మీద రాసేవాళ్లకు ఏ దేశంలోనూ కరువు లేదు. నా పరిశోధన అంతకన్నా గంభీరమైన మాట మీద. ఆ మాట హల్యావ.

తొందరలో చదివితే హల్వాలా కనిపిస్తుంది. చుట్టరికం లేదు గానీ రుచి మాత్రం ఇంచుమించు అదే.

డిక్షనరీ తిరగేస్తే 'ఉచితం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఘోరం. ఉచితానికి రష్యన్లో వేరే మాట ఉంది, బెస్ప్లాత్నా. బోర్డుల మీద రాసే మాట, చదివి ఎవరి మొహమూ వెలగదు. హల్యావ సంగతి వేరు. డబ్బో చెమటో పెట్టి తెచ్చుకోవాల్సింది ఏమీ పెట్టకుండానే మన చేతికి రావాలి, ఆ ఖర్చు ఇంకెవడో మొయ్యాలి, అది తలుచుకుంటే మనకు లోపల్లోపల గుడిగంటలు మోగాలి. అప్పుడే అది హల్యావ. వీధి కొళాయి నీళ్లు ఉచితం. పిలవని పెళ్లిలో రెండోసారి వేయించుకున్న బూరె హల్యావ.

ఈ మాట పుట్టింది బూటులో. మోకాలి దాకా ఉండే బూట్లకు పాదం పైన గొట్టంలా లేచే భాగం ఉంటుంది చూడండి, దాన్ని పోలిష్‌లో ఖొలేవా అంటారు, ఉక్రెయిన్‌లో ఇప్పటికీ హల్యావే. మరి బూటు గొట్టం కాస్తా పుణ్యానికి వచ్చిన సొమ్ము ఎలా అయింది? విందుకెళ్లినవాడు పట్టినంత తిని, పట్టనిది గొట్టంలో దోపుకుని ఇంటికొచ్చేవాడని ఒక కథ. కాదు, హీబ్రూలో పాలను హలావ్ అంటారు, పేదలకు ఊరికే పోసే పాల నుంచి వచ్చిందని ఇంకో కథ. పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నా ఓటు బూటుకే. పాలకైతే గిన్నె పట్టుకుని లైన్లో నిలబడాలి. అది శ్రమ. శ్రమ ఉన్నచోట హల్యావ నిలవదు.

మనమేం తక్కువ తిన్నామా! పాత తెలుగులో అప్పనమంటే కప్పం, రాజుకు మనం కట్టేది. ఇప్పుడు అప్పనంగా అంటే ఎవరికీ ఏమీ కట్టకుండా. కప్పం ఎగ్గొట్టడానికి ఇంత శాశ్వతమైన పద్ధతి ఇంకో జాతి కనిపెట్టిందేమో నాకు తెలియదు.

ఈ మాటను రష్యన్లు వాడి ఊరుకోలేదు, దేవతలా కొలిచారు. పరీక్ష తెల్లారితే అనగా అర్ధరాత్రి హాస్టల్ గదిలో విద్యార్థి కిటికీ తెరుస్తాడు. బయట జనవరి మంచు. గదిలో మిగతావాళ్లు దుప్పట్లు లాక్కుంటూ తిట్టుకుంటారు. వాడి చేతిలో ఓ చిన్న పుస్తకం ఉంటుంది, జచ్యోత్కా అంటారు. మాస్టారు మార్కు వేసి సంతకం పెట్టేది అందులోనే. దాన్ని తెరిచి, చెయ్యి చలిలోకి చాపి, 'హల్యావా, ప్రిదీ!' అని మూడుసార్లు గట్టిగా అరుస్తాడు. ప్రిదీ అంటే రా అని. రష్యన్లో హల్యావ స్త్రీలింగం కాబట్టి 'తల్లీ, రావే' అనడమే న్యాయం. అరిచాక పుస్తకం టక్కున మూసి, దారంతో కట్టేస్తాడు. ఇక దాన్ని మాస్టారి చేతిలోనే తెరవాలి. మధ్యలో తెరిస్తే లోపలున్న తల్లి ఎగిరిపోతుంది. కొందరు ఇంకాస్త జాగ్రత్తపరులు, పూర్తి మార్కు అయిన అయిదు రావాలని మడమ కింద అయిదు కోపెక్కుల నాణెం కూడా పెట్టుకుంటారు.

గమనించారా? హల్యావ కోసం వాడు నిద్ర మానుకుని, చలిలో చెయ్యి గడ్డకట్టించుకుని, గొంతు చించుకున్నాడు. ఆ టైములో రెండు ప్రశ్నలు చదువుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తే మీరు ఈ వ్యాసానికి తగిన పాఠకులు కారు.

వాళ్లకో సామెత ఉంది. హల్యావ అయితే వెనిగర్ కూడా తియ్యగానే ఉంటుందట. పాపం, వెనిగర్ దగ్గరే ఆగిపోయారు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతాడని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఈ విషయంలో రష్యాను మనం ఒక సీసా దాటేశాం.

ఇంత మాట్లాడుతున్నాను గానీ అసలు రష్యా మన ఇళ్లలోకి వచ్చిందే హల్యావ దారిన. రష్యన్ పుస్తకాలను ఉప్పల లక్ష్మణరావు, రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) లాంటి వాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేస్తే, అక్కడి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు గట్టి అట్టలతో అచ్చేస్తే, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో మనం చిల్లర డబ్బులకు కొనుక్కున్నాం. మిగతా ఖర్చు ఎవడో సోవియట్ కార్మికుడు భరించాడు. లక్షణాలన్నీ సరిపోయాయి, గుడిగంటలతో సహా.

అయినా మాట మాత్రం తెలుగులోకి రాలేదు. ఊరికే, పుణ్యానికి, అప్పనంగా... అన్నీ పెట్టి చూశాను. అతికినట్టే ఉంటుంది, ఏదో ఒక అంచు లేస్తుంది. చివరికి సరైన అనువాదం 1994లో మాస్కో టీవీలో దొరికింది.

సోవియట్ యూనియన్ పోయి అప్పటికి మూడేళ్లు కాలేదు. జనం దాచుకున్న రూబుళ్లు ధరల మంటలో బూడిదయ్యాయి. అప్పుడు టీవీ యాడ్లలో ల్యోన్యా గొలుబ్కోవ్ అని ఒక ఎక్స్‌కవేటర్ డ్రైవర్ ప్రత్యక్షమయ్యాడు. కల్పిత పాత్రే గానీ మేనమామ కన్నా బాగా తెలిసినవాడైపోయాడు. ఎంఎంఎం అనే కంపెనీలో డబ్బు పెడతాడు, లాభం వస్తుంది. ఆ లాభంతో ముందు ఏం కొంటానంటాడో తెలుసా? మా ఆవిడకి బూట్లు అంటాడు. మాట తిరిగి తిరిగి పుట్టింటికి చేరింది! ఇంకో యాడ్‌లో అన్న ఇవాన్ 'నువ్వు హల్యావ్షిక్‌వి రా' అని తిడతాడు, అంటే అప్పనంగా తినేవాడివని. ల్యోన్యా నొచ్చుకుని, 'నేను హల్యావ్షిక్‌ని కాను, పార్ట్‌నర్‌ని' అంటాడు.

అదే. హల్యావకు అనువాదం పార్ట్‌నర్. ఏ భాషలోనైనా చెల్లుతుంది.

ఫిబ్రవరిలో వెయ్యి రూబుళ్లున్న షేరు జులైకి లక్ష దాటింది, ఆ నెలాఖరుకే కూలింది. లక్షల మంది మునిగారు. కంపెనీ పెట్టిన సెర్గేయ్ మవ్రోదీని ఆగస్టులో అరెస్టు చేస్తే, మునిగినవాళ్లలో చాలామందికి కోపం వచ్చింది ప్రభుత్వం మీద. అక్టోబరులో బయటికొచ్చి, ఆ నెల దాటకుండా ఎన్నిక గెలిచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. శిక్ష పడేసరికి 2007. 2011లో అదే పేరుతో దుకాణం మళ్లీ తెరిచాడు. ఈసారి దాపరికం లేదు, ఇది పిరమిడేనని, అంటే కొత్తగా చేరేవాళ్ల డబ్బే పాతవాళ్లకు లాభంగా పంచే స్కీమేనని తనే చెప్పాడు. అయినా పార్ట్‌నర్లు చేరారు. ఆ దుకాణం మన దేశానికీ వచ్చింది.

ఇక్కడిదాకా రాసేసరికి మా పిన్ని కొడుకు ఫోన్.

"అన్నయ్యా, ఆదివారం ఖాళీయేనా? హోటల్లో చిన్న మీటింగు."

"స్కీములు నాకొద్దురా."

"స్కీమేంటన్నయ్యా, నువ్వేమైనా కస్టమర్‌వా? పార్ట్‌నర్‌వి."

నేను మాట్లాడలేదు. భాషాశాస్త్రం కళ్లముందు రుజువవుతుంటే ఎవడికైనా గొంతు పూడుకుంటుంది.

"వచ్చినవాళ్లందరికీ లంచ్ కూడా ఉందన్నయ్యా. బఫే."

"ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి. ఒక్కటే, చెప్పులతో రాకు. బూట్లు వేసుకో, బాగుంటుంది."

వేసుకుంటానన్నాను. ఎంత పొడుగు గొట్టం ఉన్నవి దొరుకుతాయో కనుక్కోవాలి.