చివరి పది నిమిషాలను రద్దు చేయవలసిందిగా మనవి

ఫుట్‌బాల్‌లో లోపం ఆటగాళ్లలో లేదని, నియమావళిలోనే ఉందని బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ జట్టు వరుస పరాజయాల అనంతరం ఏకగ్రీవంగా తేల్చింది. ఆట తొంభై నిమిషాలు సాగాలని, మధ్యలో వృథా అయిన సమయాన్ని రిఫరీ చివర్లో కలపాలని చెప్పే 7వ నియమం మా పాలిట శని. మేము గంట అద్దెకు తీసుకున్న టర్ఫ్ మీద ఏడుగురమే ఆడుతున్నప్పటికీ, ఆ శని యాభయ్యో నిమిషానికల్లా మా నెత్తికెక్కుతుంది.

గత నెల సంగతే చూడండి. 2-1తో మేమే ముందున్నాం, పది నిమిషాల ఆట మిగిలి ఉంది. "బావా, ఇక అందరూ వెనక్కి వచ్చేయండి" అని కెప్టెన్ ఆజ్ఞాపించగా, పెళ్లి ఫొటోకు నిలబడ్డట్టు ఏడుగురమూ గోల్ ముందు వరుస కట్టాం. ఎవరి కాలికి తగిలితే వారు బంతిని ఆకాశంలోకి తన్నడం, అవతలివైపు మనవాడంటూ ఒక్కడూ లేనందున అది నేరుగా ప్రత్యర్థి పాదాల చెంతకు చేరడం, వాళ్లు దాన్ని మళ్లీ మన మీదికి తేవడం, ఇదే తంతు. "టైమెంతయింది తమ్ముడూ?" అని గేటు దగ్గరి కుర్రాణ్ని అడిగి, జవాబు కోసం మా గోల్‌కీపర్ గారు తల తిప్పిన క్షణంలో స్కోరు సమమైంది. మూడో గోల్ మా డిఫెండర్ మోకాలికి తగిలి లోపలికి పోయింది. ఆంధ్రా మెస్‌లో గోంగూర పచ్చడి అయిపోతుందేమోనన్న చింతలో ఆయన అప్పటికే సగం మైదానం దాటి ఉన్నారు, మోకాలు మాత్రమే మాతో మిగిలింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవారిని లోకం ఎరుగును. ఏరు దాటకముందే తగలేసేవారం మేము.

వెనక్కి తగ్గితే బంతి ఎదుటివాడి సొంతమవుతుందని, అలసిన కాళ్లు మార్కింగ్ (ప్రత్యర్థిని అంటిపెట్టుకుని కాపు కాయడం) వదిలేస్తాయని, ఒక్కడినైనా ముందు ఉంచాలని మా జట్టులోని మలయాళీ కుర్రాడు వాదించాడు. అతణ్ని వాట్సాప్ గ్రూపు నుంచి తొలగించాం.

చరిత్ర కూడా మా పక్షానే ఉంది. 2015 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో 87వ నిమిషంలో 2-1తో ముందుకెళ్లిన గోవా, తొంభయ్యో నిమిషంలో సొంత గోల్ ఇచ్చుకుని, ఆపై చెన్నై ఆటగాడు మెండోజాకు మరొకటి సమర్పించి, కప్పును చెన్నై చేతిలో పెట్టింది. 2025 ఫైనల్లో మన బెంగళూరు 49వ నిమిషం నుంచి ముందంజలో ఉండగా, 72వ నిమిషంలో పెనాల్టీతో, అదనపు సమయంలో 96వ నిమిషం గోల్‌తో మోహన్ బగాన్ గెలిచింది. ఆటను 71కే ఆపి ఉంటే కప్పు బెంగళూరు జట్టు సొంత మైదానం కంఠీరవకు వచ్చేది కాదా? 2019లో ఇదే బెంగళూరు 117వ నిమిషంలో రాహుల్ భేకే గోల్‌తోనే కప్పు గెలిచిన విషయాన్ని మాత్రం సమావేశాల్లో ప్రస్తావించరాదని తీర్మానించాం.

కాబట్టి, ఆధిక్యంలో ఉన్న జట్టు చేయెత్తగానే ఆట ముగియాలన్నది మా ప్రతిపాదన. మొన్నటి ఆదివారం బెళ్లందూరు జట్టు ఇందుకు ప్రయోగాత్మకంగా ఒప్పుకుంది. రెండో నిమిషంలోనే గోల్ కొట్టి వాళ్లు చేయెత్తారు. మిగిలిన యాభై ఎనిమిది నిమిషాల టర్ఫ్ అద్దె ఎవరు భరించాలన్న దానిపై చర్చలు ఇంకా కొనసాగుతున్నాయి.