సా ఎక్కడుందో చెప్పకుండా కీబోర్డు నేర్పకండి

రెండు రోజులుగా రాద్దామా వద్దా అనుకుంటున్నా, ఇక ఉండబట్టక రాస్తున్నా. కడపలో మా వీధి చివరింట్లో ఏడో తరగతి పిల్లవాడు ఏడాదిన్నరగా కీబోర్డు క్లాసుకు పోతున్నాడు. మొన్న వాళ్లమ్మ పిలిచి వాయించి చూపించమంటే ఒక పాట తప్పు లేకుండా వాయించాడు, చేతివేళ్లు చక్కగా పరిగెత్తాయి. నాకు సంతోషమై "ఇదే పాట జి నుంచి వాయించు నాయనా" అన్నా, అంటే సా ని జి అనే మెట్టు (కీ) మీద పెట్టుకుని వాయించమని. వాడి చెయ్యి నేరుగా ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికి పోయింది, అది నొక్కితే వేళ్లు జరపకుండానే పాట ఇంకో శ్రుతికి మారిపోతుంది. బటన్ వద్దులే అంటే అక్కడే ఆగిపోయాడు. "జి స్కేల్ మాకింకా చెప్పలేదు అంకుల్" అన్నాడు.

నా బాధ ఇదే. స్కేల్ అంటే సా నుంచి పై సా దాకా స్వరాల వరుస. పన్నెండు స్కేళ్లంటే పన్నెండు వేరువేరు పాఠాలని ఆ పిల్లవాడు అనుకుంటున్నాడు. మెట్ల మీద ఇంగ్లీషు అక్షరాల స్టిక్కర్లు అంటించి, వాట్సాప్‌లో నోటేషన్ పంపి, ఈ అక్షరం తర్వాత ఈ అక్షరం నొక్కు అని నేర్పితే ఇంకేమనుకుంటాడు?

మేజర్ స్కేల్ అంటే ఒక్కటే లెక్క. ఏ మెట్టు మీదైనా మొదలుపెట్టండి, తెల్లదీ నల్లదీ అన్న తేడా లేకుండా పక్కపక్క మెట్లన్నీ లెక్కపెడుతూ రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి జరగండి. మొత్తం పన్నెండు, పై సా వచ్చేస్తుంది. సి నుంచి మొదలుపెడితే అన్నీ తెల్ల మెట్లే పడతాయి, ఎందుకంటే ఇ-ఎఫ్ మధ్య, బి-సి మధ్య నల్ల మెట్టు లేదు, ఆ ఒకటి జరగాల్సిన చోట్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి. జి నుంచి మొదలుపెడితే చివర్లో ఎఫ్ సరిపోదు, పై సా కి ఒక్క మెట్టు దూరంలో ఉండాలి కాబట్టి ఎఫ్ షార్ప్, అంటే ఎఫ్ కి కుడిపక్క నల్ల మెట్టు కావాలి. జి స్కేల్‌లో ఒక నల్ల మెట్టు వస్తుందని బట్టీ పట్టక్కర్లేదు, లెక్కపెడితే అదే వస్తుంది.

మన వాళ్లకు ఇది కొత్త సంగతి కూడా కాదు, అందుకే ఇంకా కోపం. ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్లో శనివారం రాత్రి రామాలయంలో భజన జరిగేది. హార్మోనియం వాయించే పెద్దాయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. పాడేవాళ్లు "నాలుగున్నర శ్రుతి" అంటే చాలు, ఆయన చెయ్యి ఎఫ్ షార్ప్ మీదికి పోయేది. ఒకటి అంటే సి, రెండు అంటే డి, మూడు ఇ, నాలుగు ఎఫ్. మధ్యలో నల్ల మెట్టు ఉంటే దానికి అర కలుపుతారు. ఇ తర్వాత నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అనేదే లేదు. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని ఇన్ని మెట్లు ఎట్లా గుర్తుంటాయని అడిగితే, "సా యాడుందో పట్టుకో అబ్బీ, మిగతావి దాని నుంచి దూరమే కదా" అన్నాడు. స్కేల్ డిగ్రీ అంటే ఆ దూరమే. సా ఒకటి, రి రెండు, గ మూడు, ఇట్లా ని ఏడు దాకా. సా జరిగితే అన్నీ దాంతో పాటు జరుగుతాయి.

ఒకటి మాత్రం చెప్పాలి. మేజర్ స్కేల్ స్వరాలు మన ఇరవై తొమ్మిదో మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూలరాగం) ధీరశంకరాభరణం స్వరాలే, కానీ గమకాలతో, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పాడే ఆ రాగం వేరే లోకం, రెండూ ఒకటే అని పిల్లలకు చెప్పకండి. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి, అది పదిహేనో మేళం. తెల్ల మెట్లన్నీ వరుసగా వాయించి సరళీ వచ్చేసిందనుకుంటే రి, ద రెండూ తప్పు పడతాయి.

డిగ్రీలు తెలిస్తే కార్డ్స్ (ఒకేసారి నొక్కే మూడు స్వరాల గుంపులు) దగ్గర భయం పోతుంది, ఇది నేను కళ్లారా చూశా. స్కేల్‌లో ఒక స్వరం వదిలి ఒక స్వరం మూడు పేర్చండి. స, మ, ప మీద పేరిస్తే మొదటి స్వరానికీ మధ్య స్వరానికీ నాలుగు మెట్ల దూరం, అది మేజర్. రి, గ, ద మీద మూడే మెట్లు, అందుకే మైనర్. ని మీద రెండు దూరాలూ మూడేసి మెట్లే, దాన్ని డిమినిష్డ్ అంటారు. సి స్కేల్ పాటలో డి మైనర్ ఎందుకొచ్చింది అని ఎవరైనా అడిగితే సమాధానం ఇంతే, అక్కడ డి అంటే రి కాబట్టి. పాడేవాళ్లు గొంతు బాగాలేక ఒక శ్రుతి దించమన్నా ఒకటి, నాలుగు, అయిదు డిగ్రీల కార్డ్స్ అని మనసులో ఉన్నవాడికి టెన్షన్ ఉండదు.

బటన్ వాడొద్దని నేను అనట్లేదు, ప్రోగ్రాంలో అవసరపడితే వాడుకోండి. నేర్చుకునేటప్పుడు మాత్రం వద్దు. అమ్మానాన్నలూ, ఫీజు కట్టే ముందు పాఠం చెప్పే సార్‌ను ఒక్కమాట అడగండి: మా పిల్లవాడు ఇదే పాట ఇంకో మెట్టు నుంచి ఎప్పటికి వాయించగలడు?

నిన్న సాయంత్రం ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. జి నుంచి లెక్కపెట్టకుండానే పైకి పోయాడు, ఎఫ్ నొక్కగానే మొహం చిట్లించి, నేనేమీ చెప్పకముందే పక్కనున్న నల్ల మెట్టుకు జరిగాడు. చెవి వాడికి ముందే ఉంది. తర్వాత వాళ్లమ్మనడిగి, స్టిక్కర్లన్నీ ఇద్దరం కూర్చుని గోళ్లతో పీకేశాం.