దిగనిచ్చే బస్సు కావాలి

బాపు నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. మొన్న సంక్రాంతికి హనుమకొండ పోయినప్పుడు అడిగి, నేనుండే ఫ్రాంక్‌ఫర్ట్‌కు తెచ్చుకున్నాను. 2025 మే నెలలో అమ్మ, బాపు యూరప్ బస్సు టూర్ చేసినప్పుడు ఆయన రోజూ రాసుకున్న పుస్తకం అది. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో సోషల్ చెప్పిన మనిషి, టైములతో సహా రాశాడు. "ఉ. 7.10 బస్సు. 9.40 టాయిలెట్, 1 యూరో. 12.50 భోజనం, పప్పు, ఆలుగడ్డ." పారిస్ పేజీలో మాత్రం ఒకచోట టైము లేదు. "నోటర్ డామ్. కుడి పక్క. చెట్లు అడ్డం" అని రాసి, కింద సగం పేజీ ఖాళీగా వదిలేశాడు.

ఆ సగం పేజీ చూసినప్పటి నుంచి నాకు మనసున పట్టడం లేదు.

వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు వేయించిన శాసనం 1163 నాటిది. పారిస్‌లో నోటర్ డామ్ చర్చి కట్టడం మొదలైంది కూడా 1163లోనే. బాపు ఈ ముచ్చట ఏటేటా పిల్లలకు చెప్పేవాడు. ఇక్కడ మన గుడి లేస్తుంటే అక్కడ వాళ్ల గుడి లేస్తోంది, ఒకరి సంగతి ఒకరికి తెల్వదు అనేవాడు. 2019 ఏప్రిల్‌లో ఆ చర్చి తగలబడుతుంటే రాత్రి టీవీ ముందు నుంచి లేవలేదట. బాగుచేసి 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారని నేనే ఫోన్ చేసి చెప్పాను. "అయితే పోదాం బిడ్డా" అన్నాడు. వాళ్ల యూరప్ ప్రయాణం మొదలైంది ఆ ఒక్క మాటతో.

నోటర్ డామ్ లోపలికి పోవడానికి టికెట్ లేదు, పైసా కట్టక్కర్లేదు. బస్సు ఒక గంటన్నర ఆగితే చాలు. ఆగలేదు. ఆ రోజే ఈఫిల్ టవర్, సీన్ నదిలో పడవ, ఊరి ఇంకో మూలన ఇండియన్ భోజనం, మర్నాడు పొద్దున్నే బ్రస్సెల్స్. "కాసేపన్నా దిగనియ్యరాదు బిడ్డా" అని బాపు టూర్ మేనేజర్‌ను అడిగాడట. ఆ పిల్లవాడు రెండు చేతులూ జోడించాడట. అతని తప్పు ఏం లేదు. అతని చేతిలో ఉన్న కాగితంలో ఆ గంటన్నర లేదు.

ఆ కాగితాన్ని ఎంచింది నేను. వాట్సాప్‌లో మూడు టూర్ల ఫ్లయర్లు వచ్చాయి. ఒకటి అయిదు దేశాలు, ఒకటి ఏడు, ఒకటి తొమ్మిది. ధరలో పెద్ద తేడా లేదు. ఒక్కసారే కదా వచ్చేది, అన్నీ చూసిపోనీ అని తొమ్మిది దేశాలకు డబ్బు కట్టాను. ఇక్కడి మన తెలుగు సంఘంలో ఎవరిని అడిగినా ఇదే కథ. అమ్మానాన్నలకు టూర్ ఎంచేటప్పుడు మనం చూసేవి రెండు అంకెలు, దేశాలెన్ని, ధర ఎంత. ఆ మొదటి అంకెను చూడటం మానేద్దామని నేనంటున్నాను. బస్సు ఎక్కడెక్కడ వాళ్లను దిగనిస్తుంది, దిగాక ఎంతసేపు ఉండనిస్తుంది, అడగాల్సింది అది.

ఆ తొమ్మిదీ ఏమిటో చూడండి. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్, ఆస్ట్రియా, ఇటలీ, వాటికన్. వాటికన్ 0.44 చదరపు కిలోమీటర్లు, మన ఓరుగల్లు రాతికోట లోపలి జాగా అంత కూడా ఉండదు. రోమ్‌లో నడుచుకుంటూ పోయి చర్చి ముందరి మైదానంలో నిలబడితే అదొక దేశం. లీక్టెన్‌స్టైన్ మొత్తం కలిపి 160 చదరపు కిలోమీటర్లు. దాని రాజధాని వాడుజ్‌లో బస్సు అరగంట ఆగింది. అమ్మ టాయిలెట్ వెతుక్కుని పోయి వచ్చేసరికి ఎక్కమన్నారు. ఆమె పాస్‌పోర్టు మీద ఉన్నది ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే ఒక్క షెంగెన్ వీసానే, ఫ్లయర్ మీద మాత్రం ఇంకో దేశం పెరిగింది.

పారిస్‌లో మొదలై రోమ్‌లో ముగిసే ఆ దారి సుమారు 2,800 కిలోమీటర్లు. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ పోయి వచ్చినంత పని. తక్కువలో తక్కువ నలభై గంటలు సీట్లోనే. పదకొండు రోజుల్లో ఏడు హోటళ్లు. పొద్దున ఏడింటికల్లా సూట్‌కేసు కిందికి తేవాలి. నాలుగో రోజు నుంచి అమ్మ సూట్‌కేసు తెరవడమే మానేసిందట. రెండు జతల బట్టలు, బీపీ గోలీలు, దువ్వెన, బొట్టుబిళ్లల అట్ట ఒక గుడ్డసంచిలో వేసుకుని దాంతోనే వెళ్లదీసింది. ఆ సంచి భుజాన వేసుకునే అన్ని ఫొటోల్లోనూ నిలబడి ఉంది.

ఇక్కడి డ్రైవర్ల చట్టం కూడా తెలిసి ఉండాలి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విరామం తీసుకోవాలి, రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. బండిలో ఉండే టాకోగ్రాఫ్ అంతా నమోదు చేస్తుంది, తప్పితే జరిమానా. మంచి చట్టం, మనవాళ్ల ప్రాణాలు కాపాడేది. కానీ దీనివల్ల, ట్రాఫిక్‌లో ఒక గంట పోయిందంటే ఆ గంటను డ్రైవర్ రాత్రిపూట నడిపి పూడ్చలేడు. సాయంత్రం చూడాల్సిన దాంట్లోంచే అది కోత పడుతుంది. కొన్ని రోజులు ఐదారు వందల కిలోమీటర్లు పెట్టుకున్న టూర్‌లో ఏదో ఒకటి తప్పిపోతుందని ముందే రాసి పెట్టుకోవచ్చు.

అయితే బస్సు టూర్లే వద్దు, మీరే సెలవు పెట్టి తిప్పండి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అమ్మావాళ్లు మా కాలనీలో ఇంకో నాలుగు జంటలతో కలిసి పోయారు. బస్సులో వెనక సీట్లో వాళ్ల మాటలు, పాటలు, ఒకరికి నడుం పట్టేస్తే ఇంకొకరు జండూబామ్ రాయడం, ఇవన్నీ నేను కారులో తిప్పితే వచ్చేవా? పూటకింత అన్నం, పెరుగు దొరికాయి. వీసా దరఖాస్తు, 30,000 యూరోల ఇన్సూరెన్స్, ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే అప్లై చేయాలనే నియమం, ఇవన్నీ టూర్ కంపెనీవాళ్లే చూసుకున్నారు. అమ్మావాళ్లు హైదరాబాద్ పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చారంతే. పెన్షన్ మీద బతికే టీచర్లకు ఇంత తక్కువ ధరలో ఆల్ప్స్ కొండలు చూపించే మార్గం ఇంకొకటి లేదు. అందుకే ఆ బస్సు బాగుండాలని నా తపన.

ఫ్లయర్‌లో వాడే మాటలకు అర్థాలు వేరే ఉంటాయి. "పనోరమిక్ టూర్" అంటే బస్సు అద్దంలోంచి చూడటం. "ఫొటో స్టాప్" అంటే కిందికి దిగి, బయట నిలబడి, పది పదిహేను నిమిషాల్లో మళ్లీ ఎక్కడం. "ఎంట్రీ" అని ఉంటేనే లోపలికి. ఫ్లయర్‌లో నోటర్ డామ్ పేరు పక్కన ఏ మాట ఉందో నేను డబ్బు కట్టక ముందు చదవలేదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. వాళ్లను పాలంపేట రోడ్డు మీద నుంచే శిఖరం చూపించి, "రామప్ప అయింది, ఇక లక్నవరం" అని బస్సు తిప్పేస్తే మన ప్రాణం ఎట్లా ఒప్పుతుంది? ఆ నల్లరాతి మదనికల కింద మెడ ఎత్తి నిలబడకుండా రామప్ప చూశామనేవాళ్లను మనం నమ్మం.

అదే నోటుబుక్కులో స్విట్జర్లాండ్ మంచుకొండ టిట్లిస్ పేజీ నిండిపోయి, పక్క పేజీలోకి కూడా పోయింది. 3,000 మీటర్లు దాటిన ఎత్తు, గుండ్రంగా తిరుగుతూ పైకి పోయే కేబుల్ కారు. అక్కడ మూడు గంటలు ఇచ్చారు. అమ్మ చెప్పులు మార్చుకుని బూట్లతో మంచులోకి దిగి, పిడికెడు తీసి బాపు మెడ మీద పెట్టిందట. నలభై ఏళ్ల కాపురంలో ఆమె అట్లా నవ్వడం చూడలేదని బాపు రాసుకున్నాడు. టైము ఇచ్చిన చోట ఏం జరుగుతుందో నాకు ఆ పేజీ చెప్పింది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అంత ఎత్తుకు పోయేముందు డాక్టర్‌ను అడిగి తీరాలి.

బస్సు టూర్ కాబట్టి నడక ఉండదనుకోవడం ఇంకో పొరపాటు. పాత ఊళ్ల నడిమధ్యకు బస్సులను రానివ్వరు. వెనిస్‌లో ఊరి అంచున బస్సులు ఆగే ట్రాంకెట్టో దగ్గరే దింపేస్తారు, అక్కడి నుంచి పడవ, ఆ తర్వాత అంతా కాలినడక, ప్రతి కాలువ మీదా మెట్ల వంతెన. ఫ్లోరెన్స్‌లోనూ అంతే. అమ్మ మోకాళ్లు వెనిస్‌లో మొరాయించాయి. సెయింట్ మార్క్ చౌరస్తాలో ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది. బాపు ఆమె పక్కనే కూర్చుని, ఈ ఊరి మార్కో పోలోనే మన మోటుపల్లి గురించి రాశాడని, అక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతోందని రాశాడని, ఆమె మన రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారని చెప్పాడట. గ్రూపు ముందుకు వెళ్లిపోయింది. వాళ్లు తిరిగొచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మొత్తం టూర్‌లో అమ్మకు బాగా గుర్తున్నవి ఆ మెట్టు, ఆ మంచు.

హోటల్ సంగతి కూడా పైసలు కట్టక ముందే తేల్చుకోవాలి. "పారిస్ హోటల్" అని ఉంటుంది, తీరా చూస్తే విమానాశ్రయం పక్కన, ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో. సాయంత్రం ఏడింటికి అక్కడ దింపితే ఇక కిటికీ కర్టెన్లే దిక్కు, మేలో తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది మరి. పేరు, అడ్రసు అడిగితే మ్యాప్‌లో మనమే చూసి చెప్పొచ్చు, ఇక్కడున్న మనం చేయగల సాయం అదే. టిప్పులు రోజుకు తలకింత అని విడిగా యూరోల్లో, హోటల్ సిటీ ట్యాక్స్, ఆప్షనల్ పేరుతో ఉన్నవి, అన్నీ కలుపుకున్నాకే రెండు టూర్ల ధరలు పోల్చాలి. ఇంకొకటి, మాంసం, పాల పదార్థాలు బయటి నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. కోడి పచ్చడి, నెయ్యి సీసా ఇంట్లోనే ఉంచండి. సకినాలు హాయిగా తెచ్చుకోవచ్చు.

ఈ ఏడు కరీంనగర్ పిన్ని, బాబాయ్ వస్తున్నారు. ఈసారి మూడే దేశాలు, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ. పది రోజులు, నాలుగు హోటళ్లు, పారిస్‌లో ఒక పూట ఖాళీ. తలకు పన్నెండు వేలు ఎక్కువే పడింది. "పైసలెక్కువ, దేశాలు తక్కువ, ఇదేం లెక్కమ్మా" అని బాబాయ్ మొదట ఒప్పుకోలేదు. వాదించకుండా నోటుబుక్కు తెరిచి టిట్లిస్ పేజీ, నోటర్ డామ్ పేజీ పక్కపక్కన చూపించాను. కాసేపు చూసి, ఏజెంటుకు ఫోన్ చేశాడు.

బాపు బాబాయ్ కోసం కొత్త నోటుబుక్కు కొన్నాడు. మొదటి పేజీలో తనే రాసిచ్చాడు. "నోటర్ డామ్, 1163. లోపలికి పో. స్తంభాలు చూడు. ఎంతసేపు ఉన్నవో టైము రాయి."