పిస్టల్‌కి అసలు పరీక్ష కొన్నవాడి చేతిలోనా?

కొత్త పిస్టల్ తీసుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్లినవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన అనుభవమే. మొదటి మ్యాగజైన్‌లో మూడో తూటా పేలాక స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం, పూర్తిగా ముందుకు రాదు. చూస్తే పేలిన తూటా ఖాళీ తొడుగు బయట పడకుండా స్లైడ్ సందులో నిలువుగా ఇరుక్కుని ఉంటుంది. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, దాన్ని దులిపేసి మళ్లీ మొదలుపెడతారు. రెండో మ్యాగజైన్‌లోనూ అదే గొడవ. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల సలహాలు మొదలవుతాయి. మణికట్టు గట్టిగా బిగించలేదు. ఆ కంపెనీ తూటాలు దానికి పడవు. ఇంకో 200 రౌండ్లు కాల్చు, అదే సర్దుకుంటుంది. డబ్బు పెట్టి కొన్నవాడు ఇంటికెళ్లి తన చేతినే అనుమానించుకుంటాడు.

ఆ అనుమానం చేతి మీద కాదు, వస్తువు మీద రావాలి. అమెరికాలో చేతి తుపాకులు కొన్నవాళ్లు నిరాశపడటానికి వాళ్ల అవగాహన లోపం చిన్న కారణం మాత్రమే. అక్కడ పిస్టల్‌కి అసలు పరీక్ష ఫ్యాక్టరీలో కాకుండా కొన్నవాడి చేతిలో జరుగుతోంది. అందులో ఫెయిలైతే సరుకు వెనక్కి తీసుకోమని కంపెనీని ఆదేశించే అధికారం ఫెడరల్ ప్రభుత్వంలో ఏ సంస్థకీ లేదు. అసలు సంగతి ఇది.

మణికట్టు వదులైతే పిస్టల్ జామ్ అవుతుందన్న మాట అబద్ధం కాదు. ఫ్రేమ్, అంటే చేత్తో పట్టుకునే కింది భాగం, కదలకుండా ఉంటేనే స్లైడ్ పూర్తి దూరం వెనక్కి వెళ్లి తిరిగొస్తుంది. పిస్టల్ చిన్నదయ్యేకొద్దీ స్లైడ్ తిరిగే దూరం తగ్గుతుంది, స్ప్రింగ్ బిరుసవుతుంది, తప్పుకి చోటు తగ్గుతుంది. 5 అంగుళాల బ్యారెల్ కోసం గీసిన ‘1911’ అనే పాత కోల్ట్ పిస్టల్ డిజైన్‌ని 3 అంగుళాలకి కుదించినప్పుడు వచ్చే తంటాలన్నీ ఇక్కడివే. కానీ ఆత్మరక్షణకని అమ్మే వస్తువు గురించి మనం మాట్లాడుతున్నాం. భయంతో చెయ్యి వణుకుతున్నప్పుడు, ఒంటి చేత్తో వాడాల్సి వచ్చినప్పుడు పనిచేయాల్సింది అది. శిక్షణ పొందినవాడు రెండు చేతులా బిగించి పట్టుకుంటేనే నడుస్తానంటే లోపం మణికట్టుదని ఎలా అంటాం?

ఎంపికలో జరిగే పొరపాట్లు లేవని కాదు. జేబులో బరువు తెలియకూడదని చాలామంది తేలికైన రివాల్వర్ కొంటారు. స్మిత్ అండ్ వెస్సన్ 340పీడీ ఖాళీగా ఉన్నప్పుడు 350 గ్రాముల లోపే తూగుతుంది, అందులో శక్తిమంతమైన .357 మాగ్నమ్ తూటాలు పడతాయి. షాపులో చేతిలోకి తీసుకుంటే ముచ్చటేస్తుంది. రేంజ్‌లో 5 తూటాలు కాల్చేసరికి అరచెయ్యి మండిపోతుంది. ఇంత తేలికైన రివాల్వర్లలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక తూటా పేలిన కుదుపుకి మిగతా గదుల్లో ఉన్న బుల్లెట్లు తొడుగుల్లోంచి ముందుకు జారి సిలిండర్ తిరగకుండా అడ్డుపడొచ్చు. ఈ హెచ్చరిక మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ఇంటికొచ్చాక చదువుతారు.

టారస్ జడ్జ్ కథ ఇంకా బాధాకరం. .410 షాట్‌గన్ తూటాలు పట్టే రివాల్వర్ అది. గురి సరిగ్గా లేకపోయినా తూటాలోని రవ్వలు, అంటే చిన్న చిన్న గుండ్లు, విరజిమ్మి తగులుతాయన్న ఆశే దాన్ని అమ్ముతుంది. అయితే చట్టం ప్రకారం అది పొట్టి షాట్‌గన్ కింద లెక్క కాకూడదంటే బ్యారెల్ లోపల మెలి గాడులు ఉండాలి. ఆ గాడులు రవ్వల్ని గిరగిరా తిప్పి బయటికి విసిరేస్తాయి. కొన్ని గజాల దూరంలోనే కాగితం మీద చుట్టూ రంధ్రాలు, మధ్యలో ఖాళీ కనిపించవచ్చు. ఏ గుణం కోసం కొన్నాడో ఆ గుణాన్నే బ్యారెల్ పాడుచేస్తోందని కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. సినిమా తెరమీద చూసి డెజర్ట్ ఈగిల్ పిస్టల్ కొన్నవాడిదీ అదే పరిస్థితి. దాదాపు 2 కిలోల బరువు, గ్యాస్‌తో నడిచే యంత్రాంగం, పైన రాగి పొర లేని సీసం బుల్లెట్లు వాడితే గ్యాస్ దారి పూడుకుపోతుంది. ఇంకో చేత్తో మ్యాగజైన్ అడుగుని నొక్కి పట్టుకున్నా తూటా సరిగ్గా ఎక్కకపోవచ్చు.

ఒకసారి కాగితాలు పూర్తయి పిస్టల్ చేతికొచ్చాక చాలా షాపులు దాన్ని వెనక్కి తీసుకోవు. ఒక్క రౌండ్ కాల్చకపోయినా అది సెకండ్ హ్యాండే. మిక్సీ మార్చుకున్నట్టు దీన్ని మార్చుకోలేరు.

ఇవన్నీ ముందే అడిగి తెలుసుకుంటే తప్పించుకోగలిగినవి. ఎంత అడిగినా, ఎంత చదివినా తప్పించుకోలేనివి కూడా ఉన్నాయి, నన్ను నిజంగా కలవరపెట్టేవి అవే. 2014లో రెమింగ్టన్ కంపెనీ పిస్టల్ ఆర్51 వచ్చింది. తుపాకుల డిజైనర్ జాన్ పెడర్సన్ పాత డిజైన్‌కి కొత్త రూపం, అందుబాటు ధర, పేరున్న కంపెనీ. విడుదలకు ముందు కాల్చి చూసినవాళ్లు మెచ్చుకున్నారు. వాళ్లు కాల్చినవి నమూనాగా చేసిన ప్రోటోటైపులు. జనం చేతికొచ్చిన పిస్టళ్లలో స్లైడ్ లాగడమే కష్టమైంది, తూటాలు పేలే గది అయిన చాంబర్‌లోకి ఎక్కలేదు. చాంబర్ పూర్తిగా మూసుకోకుండానే పేలుతోందన్న ఫిర్యాదులూ వచ్చాయి. కొన్ని నెలల్లోనే కంపెనీ వెనక్కి పంపమంది. ప్రోటోటైప్ నుంచి భారీ ఉత్పత్తికి మారడంలో తేడా వచ్చిందని ఒప్పుకుంది. అక్టోబరుకల్లా కొత్తది, అదనంగా 2 మ్యాగజైన్లు, ఒక పెట్టె ఇస్తామంది. సరిచేసిన ఆర్51 మార్కెట్లోకి వచ్చేసరికి 2016 అయింది.

ఇది మొదటిసారి కూడా కాదు. ఎం16 రైఫిల్ మూలకర్త యూజీన్ స్టోనర్ పేరుతో ముడిపడిన కోల్ట్ ఆల్ అమెరికన్ 2000 పిస్టల్ 1990ల మొదట్లో వచ్చింది. ట్రిగ్గర్ నొక్కడం విపరీతమైన కష్టం, గురి అంతంతమాత్రం. కింద పడితే పేలే ప్రమాదం ఉందని 1993లో రీకాల్ చేశారు, అంటే అమ్మినవాటిని వెనక్కి పిలిచారు, 1994లో తయారీయే ఆపేశారు. గొప్ప డిజైనర్, గొప్ప బ్రాండ్ రెండూ ఉన్నాయి. లేనిది అమ్మకానికి ముందు జరగాల్సిన గట్టి పరీక్ష.

అలాంటి పరీక్ష ఎలా ఉంటుందో ప్రపంచానికి తెలియనిదేం కాదు. 1911 మార్చిలో అమెరికా సైన్యం జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్‌తో 6,000 రౌండ్లు కాల్పించింది. కాల్చికాల్చి ముట్టుకోలేనంత వేడెక్కితే నీళ్ల బకెట్‌లో ముంచి తీసి మళ్లీ కాల్చారు. ఒక్కసారి కూడా ఆగలేదు. పోటీకొచ్చిన శావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించి వెనకబడింది. అలా నెగ్గిన ఆ డిజైన్ వారసులనే ఈరోజు భారీ ధరకి అమ్ముతూ, మొదటి 400, 500 రౌండ్లు ‘బ్రేక్ ఇన్’ కోసం, అంటే భాగాలు సర్దుకోవడం కోసం, కాల్చమని చెప్పే తయారీదారులున్నారు. ఆ తూటాల ఖర్చు కొన్నవాడిది, రేంజ్ ఫీజు కొన్నవాడిది, జామ్ అయితే టెన్షనూ కొన్నవాడిదే. నూరేళ్ల కిందట ఖాకీ బట్టలు వేసుకున్న కొనుగోలుదారు కంపెనీని పరీక్షించాడు. ఇప్పుడు కంపెనీ తరఫున పరీక్ష చేసే పని మామూలు కొనుగోలుదారు మీద పడింది.

ఈ తేడాకి సిగ్ సావర్ పీ320ని మించిన ఉదాహరణ లేదు. 2017 జనవరిలో అమెరికా సైన్యం ఈ పిస్టల్‌ని ఎంపిక చేసింది. ఒక ప్రత్యేక కోణంలో కింద పడితే ట్రిగ్గర్ తన బరువుకి తానే వెనక్కి కదిలి తుపాకీ పేలగలదని అదే ఏడాది ఆగస్టులో స్వతంత్రంగా చేసిన పరీక్షల్లో బయటపడింది. తయారీదారుల సంఘం సొంతంగా పెట్టుకున్న డ్రాప్ టెస్టులో, అంటే కింద పడేసి చూసే పరీక్షలో, ఆ కోణం లేదు, అందుకే అందులో పాసైంది. సైన్యం పరీక్షల్లోనూ డ్రాప్ లోపం దొరికిందని, ట్రిగ్గర్ భాగాలు తేలిక చేసి సరిదిద్దారని రక్షణ శాఖ పరీక్షల విభాగం నివేదికలోనే ఉంది. సైన్యానికి కాంట్రాక్టు ఉంది, సరిచేయకపోతే తీసుకోనని చెప్పే హక్కు ఉంది. షాపులో కొన్నవాడికి ఏం దక్కింది? ‘స్వచ్ఛంద అప్‌గ్రేడ్’ అనే ప్రకటన. రీకాల్ అన్న మాట వాడలేదు. ఇష్టమున్నవాళ్లు పంపండి, ఉచితంగా మారుస్తాం అన్నారు. ఆ తర్వాత కూడా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ కేసులు వస్తూనే ఉన్నాయి. 2024లో జార్జియాలో ఒక జ్యూరీ, ఫిలడెల్ఫియాలో ఇంకో జ్యూరీ బాధితుల వైపు తీర్పిచ్చాయి. అన్ని కేసులూ అలా తేలలేదు. ట్రిగ్గర్ నొక్కకుండా అది పేలదని కంపెనీ ఇప్పటికీ గట్టిగా చెబుతోంది. ఎవరిది నిజమో తేల్చే ప్రభుత్వ ఇంజినీరు మాత్రం మధ్యలో లేడు. ఒక్కో గాయం, ఒక్కో లాయరు, ఒక్కో జ్యూరీ.

ఎందుకు లేడంటే, 1972లో వినియోగదారుల వస్తువుల భద్రతా చట్టం చేసినప్పుడు తుపాకుల్ని, తూటాల్ని దాని పరిధి నుంచి తప్పించారు. ఆ చట్టంతో పుట్టిన కమిషన్ టోస్టర్‌ని, ఊయలని, నిచ్చెనని వెనక్కి తీసుకోమనగలదు, పిస్టల్‌ని అనలేదు. ఏటీఎఫ్ అనే సంస్థ లైసెన్సులు, అమ్మకాలు చూస్తుంది, నాణ్యత దాని పని కాదు. ఆశ్చర్యమేమిటంటే ఎయిర్‌గన్ ఈ కమిషన్ పరిధిలోకే వస్తుంది. 2001లో డైసీ కంపెనీ తయారుచేసే బీబీ గన్లలో రవ్వ లోపలే చిక్కుకుని కనబడకుండా ఉండిపోతోందని కమిషన్ ఆ కంపెనీ మీద చర్యకి దిగింది. పిల్లాడి చేతిలోని బీబీ గన్ గురించి ప్రభుత్వం కంపెనీని నిలదీయగలిగింది. తండ్రి నడుముకున్న 9 ఎంఎం పిస్టల్ గురించి అడిగే అధికారం దానికి లేదు. టారస్ పిస్టళ్లలో సేఫ్టీ లోపాలున్నాయన్న కేసులో 2015లో కుదిరిన రాజీ దాదాపు 10 లక్షల పిస్టళ్లకి వర్తించింది. అది కూడా ప్రైవేటు దావా ఫలితమే. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు.

అవతలివాళ్ల వాదన నాకు తెలుసు. భద్రత పేరుతో నియంత్రణ సంస్థ వస్తే అది తుపాకుల్ని నిషేధించే దొడ్డిదారి అవుతుందంటారు. కాలిఫోర్నియాలో అలాంటి భయానికి ఆధారం ఉంది. 2013లో మైక్రోస్టాంపింగ్ నిబంధన, అంటే పేలిన తూటా తొడుగు మీద పిస్టల్ గుర్తు ముద్ర పడాలన్న నిబంధన, అమల్లోకి వచ్చాక కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు ఏళ్ల తరబడి అమ్మకానికి అనుమతించే ఆ రాష్ట్ర జాబితాలోకి రాలేకపోయాయి. కానీ అదే చట్టంలో ఒక మంచి భాగం కూడా ఉంది. ఒక మోడల్‌కి సంబంధించిన 3 పిస్టళ్లు తెచ్చి ఒక్కోదానితో 600 రౌండ్లు కాలుస్తారు, 6 సార్ల కంటే ఎక్కువ మొరాయించకూడదు, మొదటి 20 రౌండ్లలో అసలు మొరాయించకూడదు. కింద పడేసి కూడా చూస్తారు. ఈ పరీక్షలో తుపాకీ వ్యతిరేకత ఎక్కడుంది? తన ప్రాణం దానిమీద పెట్టుకున్నవాడే ఈ పరీక్షని అందరికంటే ముందు అడగాలి.

అడగడం లేదు. జామ్ అయితే పాలిష్ చేయించుకుంటున్నాడు, స్ప్రింగ్ మార్పించుకుంటున్నాడు, చివరికి విసిగిపోయి అమ్మేస్తున్నాడు. ఆ పిస్టల్ ఇంకొకరి నడుముకి చేరుతుంది. స్వచ్ఛంద అప్‌గ్రేడ్ కాబట్టి పాత ట్రిగ్గర్ ఉన్న పీ320లు ఎవరి దగ్గరున్నాయో వెతికి మార్చాల్సిన బాధ్యత చట్టరీత్యా ఎవరి మీదా లేదు. ఈరోజు సెకండ్ హ్యాండ్‌లో దాన్ని కొనేవాడు దీపం కింద పెట్టి తనే చూసుకోవాలి. ట్రిగ్గర్ లావుగా ఉంటే పాతది, సన్నగా ఉంటే మార్చింది.