సవరణ: త్వరగా వచ్చేయమన్నాను, చెప్పకుండా రమ్మనలేదు

పిల్లల్ని నర్సరీలో దింపేటప్పుడు ఎక్కువసేపు నిలబడకుండా త్వరగా వచ్చేయమని కిందటి పోస్టులో రాశాను. బిడ్డ బొమ్మల ధ్యాసలో ఉండగా కనబడకుండా జారుకోమన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. దయచేసి అలా చేయకండి. తల తిప్పేసరికి అమ్మ లేదని ఒకసారి తెలిశాక, మర్నాడు ఆ పిల్ల బొమ్మల జోలికే పోకపోవచ్చు. మీ చున్నీ పిడికిట్లో బిగించి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటుంది.

చెప్పే వెళ్లండి. కింద కూర్చుని, కళ్లలోకి చూసి, "నిద్ర లేచాక వస్తాను" అనండి. ఆ వయసులో గడియారం అర్థం కాదు గానీ, దేని తర్వాత ఏది వస్తుందో తెలుస్తుంది. ఏడ్చినా సరే, ముద్దు పెట్టి టీచర్ చేతికి అందించి కదలండి. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తే ఏడుపు ఇంకా పెరుగుతుంది. నేను త్వరగా అన్నది ఈ ఘట్టం గురించే.

మొదటి రోజుకు ఆ మాట వర్తించదు. 1980లలో జర్మనీలో రూపుదిద్దుకున్న బెర్లిన్ పద్ధతిలో తొలి మూడు రోజులు తల్లో తండ్రో పిల్లతోపాటు గదిలోనే ఉంటారు. నాలుగో రోజు గానీ విడిచి చూడరు, అదీ అరగంటకు మించకుండా, బిడ్డకు చెప్పిన తర్వాతే. మీ నర్సరీ ఇంతకు ఒప్పుకోకపోతే, కనీసం తొలి వారం కాసేపే ఉంచి తీసుకెళ్తామని మొహమాటపడకుండా అడగండి.

మొదట్లో హాయిగా వెళ్లి, రెండో వారంలో ఏడుపు మొదలుపెట్టే పిల్లలూ ఉంటారు. టెన్షన్ పడకండి, అదీ మామూలే.