హీట్ మీటర్ పెట్టించండి, టేపు చుట్టే పని మాత్రం ఒప్పుకోకండి

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు ఉన్నవాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలనే రాస్తున్నాను. బండికి రంగు వేయించడానికి, బంపర్లు తళతళలాడించడానికి లక్షలు పోస్తున్నారు. డాష్‌బోర్డ్ కింద చెయ్యి పెట్టి చూస్తే మాత్రం మెలేసిన వైర్లు, జిగురు కారుతున్న నల్ల టేపు. నాకిది అస్సలు మింగుడుపడదు.

మన ఎండలకి పాత బండిలో హీట్ మీటర్, అంటే ఇంజన్ వేడి చూపించే మీటర్, ఉండి తీరాలి. మే నెలలో బెజవాడ ట్రాఫిక్‌లో ఇంజన్ ఉడికిందంటే హెడ్ గాస్కెట్‌తో (ఇంజన్ బ్లాకుకి, పైనున్న హెడ్‌కి మధ్య ఉండే పొర) పోతే అదృష్టం, హెడ్డే వంగిపోవచ్చు. కాబట్టి మీటర్ పెట్టించండి. నా గొడవంతా పెట్టే పద్ధతి గురించే.

చాలాచోట్ల చేసేది ఏమిటంటే, ఇగ్నిషన్ స్విచ్ వెనక చేతికందిన వైరు తొక్క గీకి, దానికి మీటర్ వైరు మెలేసి, టేపు చుట్టేస్తారు. అంబాసిడర్ లాంటి మోరిస్ వంశపు బళ్ళలో వాడిన బ్రిటిష్ రంగుల పద్ధతిలో తెల్ల వైరు ఇగ్నిషన్‌ది, దానికి ఫ్యూజు ఉండదు. గోధుమ రంగుదైతే మరీ ఘోరం, బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. ఎండకి టేపు ఊడి ఆ తీగ రేకుకి తగిలిందా, ఆపేది ఏదీ లేదు. వైరింగ్ మొత్తం అంటుకుంటుంది. ఫ్యూజు దాటి వచ్చే ఆకుపచ్చ వైరు నుంచి తీసుకోవాలి. అదైనా రంగు చూసి నమ్మొద్దు, ఇన్నేళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో! టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పెట్టి, ఇగ్నిషన్ తాళం ఆన్ చేసి, ఆఫ్ చేసి చూసుకోవాలి. మీటర్‌కి విడిగా ఒక చిన్న ఫ్యూజు, 3 ఆంపియర్లది చాలు. ఇంజన్ వైపు నుంచి వైరు లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (అంచుకి తొడిగే రింగు) ఉండాలి, లేకపోతే రేకు అంచు వైరుని కోసేస్తుంది. అసలు బ్యాటరీ ఎర్త్ (బ్యాటరీ నుంచి బండి బాడీకి వెళ్ళే తీగ) విప్పకుండా పని మొదలే పెట్టకూడదు.

ఇంజన్‌కి బిగించి వేడిని మీటర్‌కి చెప్పే సెన్సర్ దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. నీళ్ళు కారకూడదని మరల మీద టెఫ్లాన్ టేపు దండిగా చుడతారు. ఒకే వైరు ఉన్న సెన్సర్‌కి ఎర్త్ అందేది ఆ మరల నుంచే కదా! మధ్యలో టేపు అడ్డుపడితే లోపల ఇంజన్ మరుగుతున్నా మీటర్ తక్కువ చూపిస్తుంది. మీటరే లేకపోతే మనిషి కనీసం అనుమానంతో నడుపుతాడు. తప్పు చూపించే మీటర్ ఉంటే ధీమాగా నడుపుతాడు, అదే ప్రమాదం. ముల్లు కదలకపోతే వెంటనే మీటర్ పోయిందంటారు, నమ్మకండి. సెన్సర్ వైరు ఊడదీసి, ఇగ్నిషన్ తాళం ఆన్ చేసి, ఆ వైరుని ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకి తాకించమనండి. మామూలు మీటర్లలో ముల్లు వేడి వైపు లేస్తే మీటర్, వైరు బాగున్నట్టే. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు జరిగితే ముందు మీటర్ ఎర్త్ చూడాలి.

అందం కోసం ఆమీటర్ (కరెంటు ఎంత పోతోందో చూపించేది) పెట్టించుకునేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. సెల్ఫ్ తప్ప బండి వాడే కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోవాలి, అదీ మోకాళ్ళ ముందు. వోల్ట్‌మీటర్ పెట్టించుకోండి. ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) ఉన్న బండి నడుస్తుంటే 14కి అటూఇటూ చూపిస్తే చార్జింగ్ బాగున్నట్టే.

చివరగా, దయచేసి మీటర్ కోసం డాష్‌బోర్డ్‌కి 52 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టించకండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకుముందే పోయింది. చెడగొట్టుకుంటే కొత్త డాష్‌బోర్డ్ ఎక్కడి నుంచి తెస్తారు? కింద బ్రాకెట్ వేసి బిగిస్తే మీటర్ చక్కగా కనపడుతుంది, రేపు వద్దనుకుంటే రెండు స్క్రూలు విప్పి తీసేయొచ్చు.