‘మాకు తెలియదు’ అంటే చెల్లదు

ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’కు సేవా విభాగమైన తానా ఫౌండేషన్ ఖాతాల నుంచి 30 లక్షల డాలర్లకు పైగా సొమ్ము అప్పటి కోశాధికారి సొంత కంపెనీకి తరలిపోయిందని 2024 నవంబరులో బయటపడింది. రాత్రికి రాత్రే మాయమైన డబ్బు కాదది. 2022 మొదలు రెండేళ్ల పాటు విడతలు విడతలుగా వెళ్లింది. ఆ రెండేళ్లూ ఫౌండేషన్‌కు ట్రస్టీలున్నారు, మాతృసంస్థకు బోర్డు ఉంది, రెండింటికీ పదవుల్లో పెద్దలున్నారు. డబ్బు పోతున్న సంగతి మాత్రం బోర్డు దాకా రాలేదు. తరలించిన వ్యక్తి సంగతి దర్యాప్తు సంస్థలు, కోర్టులు చూసుకుంటాయి. మాకు ఆందోళన కలిగిస్తున్నది వేరే. ఇలాంటి వ్యవహారం ఎక్కడ బయటపడ్డా, అది అమెరికాలోని తెలుగు సంఘమైనా ఇక్కడి సొసైటీ అయినా, బోర్డు సభ్యుల నోట ముందుగా వచ్చే మాట ఒకటే: ‘మాకు తెలియదు’.

ఈ మాటను సంజాయిషీగా ఒకసారి ఒప్పుకున్నామా, ఇక ఏ బోర్డూ ఏ లెక్కా చూడనక్కర్లేదు. ఎంత తక్కువ చూస్తే అంత క్షేమం. బ్యాంకు స్టేట్‌మెంటు అడిగినవాడు ఇరుక్కుంటాడు, అడగనివాడు తప్పించుకుంటాడు. ఇంతకంటే ప్రమాదకరమైన ఆనవాయితీ ధర్మసంస్థలకు మరొకటి ఉండదు.

అమెరికా చట్టం లాభాపేక్ష లేని సంస్థల డైరెక్టర్ల మీద మూడు బాధ్యతలు పెట్టింది. శ్రద్ధగా పర్యవేక్షించాలి. సొంత లాభాన్ని పక్కనపెట్టి సంస్థ మేలుకే కట్టుబడాలి. దాతలు ఏ ఆశయానికి ఇచ్చారో దానికే ఖర్చు పెట్టాలి. వీటిలో మొదటిది నెరవేర్చాలంటే ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. కనుక తెలియదని చెప్పిన డైరెక్టరు తన తప్పును తానే ఒప్పుకున్నట్టు లెక్క.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన వాదన కాదు. వాషింగ్టన్‌లోని సిబ్లీ ఆసుపత్రి కేసులో ఫెడరల్ న్యాయమూర్తి గెర్‌హార్డ్ గెసెల్ 1974లోనే దీన్ని తేల్చేశారు. ఆ ఆసుపత్రి వ్యవహారాలన్నీ ఏళ్ల తరబడి ఇద్దరి చేతుల్లో నడిచాయి: ఒకరు పరిపాలనాధికారి, మరొకరు కోశాధికారి. నియమావళి ప్రకారం ఆర్థిక కమిటీ ఉంది, పెట్టుబడుల కమిటీ ఉంది. పదేళ్లకు పైగా అవి ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. ఆసుపత్రి సొమ్ము పెద్ద మొత్తంలో వడ్డీ రాని ఖాతాల్లో మూలిగింది. ఆ బ్యాంకుల్లో కొన్నింటితో ట్రస్టీలకే సంబంధాలున్నాయి. ట్రస్టీలెవరూ డబ్బు జేబులో వేసుకున్నట్టు కోర్టు చెప్పలేదు. పర్యవేక్షించకుండా వదిలేయడమే బాధ్యతను ఉల్లంఘించడం అని చెప్పింది. కొత్తగా ఎన్నికైన ప్రతి ట్రస్టీ ఈ తీర్పును చదివి తీరాలని ఆదేశించింది. మన సంఘాల్లో ప్రమాణ స్వీకారాల నాడు వేసే శాలువాలు, పూలదండలతో పాటు ఈ తీర్పు ప్రతిని కూడా చేతిలో పెట్టాలి.

అంత పాత తీర్పు దాకా వెళ్లే ఓపిక లేకపోతే ఫారం 990 చూడండి. అమెరికాలో పన్ను మినహాయింపు పొందే ఇలాంటి సంస్థల్లో కాస్త పెద్దవన్నీ ఏటా ఆదాయపన్ను విభాగానికి సమర్పించాల్సిన పత్రమది. ఎవరైనా తెప్పించుకుని చదవొచ్చు. అందులో ఆరో భాగం పూర్తిగా బోర్డు పనితీరు గురించే. సంస్థ ఆస్తులు గణనీయంగా దారి మళ్లినట్టు ఈ ఏడాది మీ దృష్టికి వచ్చిందా అని అడుగుతుంది. రెండున్నర లక్షల డాలర్లు దాటితే ఎంత పెద్ద సంస్థయినా చెప్పి తీరాలి, చిన్న సంస్థకు అంతకంటే తక్కువకే చెప్పాలి. ఈ పత్రం పూర్తి ప్రతిని దాఖలు చేయకముందే బోర్డు సభ్యులందరికీ ఇచ్చారా అనీ అడుగుతుంది. అవును, కాదు అని రెండు గళ్లు. అవును అని టిక్కు పెట్టించుకున్న బోర్డులో ఎంతమంది ఆ పత్రాన్ని తెరిచి చూశారు? తెరవకపోతే ఎందుకు తెరవలేదు?

సంఖ్యాబలం వల్ల కాపలా గట్టిపడుతుందనుకుంటే అదీ భ్రమే. అమెరికా తుపాకీ హక్కుల సంఘం ఎన్ఆర్ఏ బోర్డులో 76 మంది ఉండేవారు. అయినా ఆ సంస్థ అధినేత వేన్ లపియర్ ఏళ్ల తరబడి సంస్థ సొమ్ముతో విలాసాలు అనుభవించారు. న్యూయార్క్ అటార్నీ జనరల్ కోర్టుకెక్కాకే లెక్కలు తేలాయి. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయన్ను 43 లక్షల డాలర్లకు పైగా, మాజీ కోశాధికారిని 20 లక్షల డాలర్లు చెల్లించమంది. ఇక్కడా కోశాధికారే.

వీళ్లంతా జీతం తీసుకోకుండా, ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాలు త్యాగం చేసి సేవ చేస్తున్నవారనీ, ఇంత బరువు మోపితే ముందుకొచ్చేవారే ఉండరనీ కొందరంటారు. నిజాయతీగా పనిచేసేవారి విషయంలో ఆ బాధ అర్థమవుతుంది. చట్టానికీ అర్థమైంది. అందుకే 1997లో అమెరికా వాలంటీర్ల రక్షణ చట్టం తెచ్చి, మామూలు పొరపాట్లకు వారి మీద దావాలు పడకుండా అడ్డు పెట్టింది. కానీ ఘోరమైన నిర్లక్ష్యానికి ఆ అడ్డు పనిచేయదు. సంస్థే తన వాలంటీరు మీద దావా వేస్తే అసలే పనిచేయదు. జీతం లేని పదవికి ఎన్నికల్లో పోటీపడి, ప్యానెళ్లు కట్టి, ఊరూరా ప్రచారం చేసి గెలిచినవారు బాధ్యత దగ్గరికి వచ్చేసరికి మేం వట్టి వాలంటీర్లమే అంటే ఎవరు నమ్మాలి?

ఆ డబ్బు ఎవరిది? 30 లక్షల డాలర్లంటే మన లెక్కలో 25 కోట్ల రూపాయలకు పైనే. అక్కడ ఉద్యోగాలు చేసుకునేవారు తమ సంపాదనలోంచి తీసి ఇస్తారు. వారి కంపెనీలు దానికి మరికొంత కలుపుతాయి. మన ఊళ్లలో పేద పిల్లల ఉపకార వేతనాలకు, క్యాన్సర్ పరీక్షల శిబిరాలకు పనికొచ్చే సొమ్మది. రెండో సంవత్సరం ఫీజు కట్టలేక చదువు మానేసే పిల్లకు ఏ బోర్డు సభ్యుడు వెళ్లి ‘మాకు తెలియదమ్మా’ అని చెబుతాడు? ఒకసారి నమ్మకం పోతే ఆ సంస్థతోనే ఆగదు. నిజాయతీగా నడుస్తున్న చిన్న సంఘానికీ మరుసటి ఏడు చెక్కు రాయడానికి చెయ్యి వెనకాడుతుంది.

అమెరికా వారి గొడవ మనకెందుకని ఇక్కడి సొసైటీల పెద్దలు కులాసాగా కూర్చోనక్కర్లేదు. హైదరాబాద్ క్రికెట్ సంఘం ఏ స్థితికి చేరితే సుప్రీంకోర్టు 2023లో జస్టిస్ లావు నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించాల్సి వచ్చిందో అందరికీ తెలుసు. ఒకే వ్యక్తి, ఒకే కుటుంబం చేతిలో సంఘంలో ఓటున్న పలు క్లబ్బులు ఉండటాన్ని ఆయన పట్టుకుని 57 క్లబ్బులకు ఓటు లేకుండా చేశారు. అన్ని క్లబ్బులు అలా పోగుపడుతుంటే ఆ సంఘంలో పదవులు అనుభవించిన వారికెవరికీ తెలియదా? అంత ప్రక్షాళన తర్వాత ఎన్నికైన అధ్యక్షుణ్నే 2025 జులైలో సీఐడీ అరెస్టు చేసింది. ఆ ఆరోపణల నిజానిజాలు కోర్టు తేల్చాలి. అధ్యక్షుడి చుట్టూ ఉన్న కార్యవర్గం తన బాధ్యత ఏమిటో తేల్చుకోవడానికి కోర్టు అక్కర్లేదు.

మన దగ్గర చట్టాలకు కొదవ లేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. యాజమాన్యంపై వివాదం వస్తే సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. కంపెనీల చట్టం ఎనిమిదో సెక్షన్ కింద నమోదైన సేవాసంస్థల డైరెక్టర్లకు 166వ సెక్షన్ వర్తిస్తుంది. శ్రద్ధ, నైపుణ్యం, జాగ్రత్త చూపాలని, పదవిని మరొకరి చేతికి వదిలేయరాదని అది చెబుతోంది. తప్పితే లక్ష నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. పబ్లిక్ ట్రస్టులో అక్రమం జరిగితే ఆ ట్రస్టుతో ప్రయోజన సంబంధం ఉన్న ఇద్దరు చాలు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద అనుమతి తీసుకుని ట్రస్టీని తొలగించమని, లెక్కలు చెప్పించమని కోర్టును కోరవచ్చు. ఇన్ని ఉన్నా, కార్యదర్శి మనిషి రిజిస్టరు పట్టుకుని ఇంటికొస్తే కాఫీ తాగుతూ జరగని సమావేశానికి సంతకం పెట్టే సభ్యులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రేపు లెక్క తేడా వస్తే వారు చెప్పబోయే మాట ఏమిటో మనకు ఇప్పుడే తెలుసు.

దాతలకూ, సభ్యులకూ మేం చెప్పేది ఒకటే. ఆ మాట వినపడగానే నోరు మూసుకోవద్దు. ఎన్ని సమావేశాలకు వచ్చారు, బ్యాంకు స్టేట్‌మెంటు ఎప్పుడు చూశారు, ఆడిటరుతో ఎప్పుడు మాట్లాడారు అని మినిట్స్ పుస్తకం ముందు పెట్టుకుని పేరుపేరునా అడగండి. జవాబు చెప్పలేనివారికి మళ్లీ ఓటు వేయకండి.

ఇక బోర్డుల్లో కూర్చున్న పెద్దలారా, వచ్చే సమావేశంలో మొదటి అంశంగా ఖాతాల స్టేట్‌మెంట్లు బల్ల మీద పెట్టమనండి. ఏ చెక్కు మీద ఎవరి సంతకాలున్నాయో, డబ్బు ఎవరికి వెళ్లిందో చదివించండి. పక్కనున్న మిత్రుడు నొచ్చుకుంటాడని అది కూడా అడగలేకపోతే ఆ కుర్చీ మీది కాదు. రాజీనామా రాసి, లేచి వెళ్లండి.